తవ్వకముందే గీయవలసిన పటం: గ్రావెల్ గని నిర్వహణ, నేల పునరుద్ధరణ

నీరు, మంచు, ఎండ, వాన కొండరాయిని వేల ఏళ్ల పాటు పగలగొట్టి, దొర్లించి, అరగదీసి మిగిల్చిన రాతిముక్కల పొరనే స్థూలంగా గ్రావెల్ అంటారు. భారతీయ ప్రమాణాల ప్రకారం నేలలను వర్గీకరించేటప్పుడు 4.75 మిల్లీమీటర్ల నుంచి 80 మిల్లీమీటర్ల వరకు ఉండే రాతిముక్కలకు ఈ పేరు వర్తిస్తుంది. అంతకన్నా సన్ననిది ఇసుక, అంతకన్నా పెద్దవి గుండ్రాళ్లు, బండలు. నది మోసుకొచ్చిన గులకరాయి నున్నగా, గుండ్రంగా ఉంటుంది. తెలుగు నేలపై రోడ్ల అడుగున, ఇళ్ల పునాదుల్లో పోసే గ్రావెల్ మాత్రం చాలావరకు రాయి ఉన్నచోటనే శిథిలమై, ఎర్రమట్టితో కలిసిపోయి ఏర్పడిన పదార్థం. తెలంగాణ పల్లెల్లో దీనిని మొరం అంటారు. ప్రపంచమంతటా ఏటా వాడే ఇసుక, గ్రావెల్, కంకర కలిపి సుమారు 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. నీటి తరువాత మనిషి ఇంత భారీగా వాడుకునే సహజ వనరు మరొకటి లేదు.

ఇంత విరివిగా దొరికే సరుకు కావడం వల్లనే దాన్ని తవ్వే తీరుపై శ్రద్ధ తక్కువ. బంగారు గనికో బొగ్గు గనికో ఏళ్ల తరబడి ప్రణాళికలు వేసే సమాజం, ఊరి పక్క గుట్టను రెండు పొక్లెయిన్లు, పది టిప్పర్లతో తొలిచేయడాన్ని గని తవ్వకంగా కూడా లెక్కించదు. అయితే గ్రావెల్ గని ఆయుష్షు కొన్నేళ్లు, మహా అయితే కొన్ని దశాబ్దాలు. ఆ తరువాత ఆ నేల మీద బతకవలసిన పైరుకు, పశువుకు, మనిషికి గడువంటూ లేదు. అందువల్ల గని ప్రణాళికలో మొదట గీయవలసింది చివరి పటం, అంటే తవ్వకం ముగిశాక నేల ఏ ఎత్తులో, ఏ వాలుతో, ఎంత నీటితో, ఏ ఉపయోగానికి నిలవాలో చూపే పటం. యంత్రాలు ఎటు నుంచి దిగాలి, మట్టి ఎక్కడ పోయాలి, ఎంత లోతున ఆగాలి అనే మిగిలిన నిర్ణయాలన్నీ ఆ పటం నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రావలసినవే.

నేల లోపలి చదువు

ప్రణాళికకు తొలి మెట్టు పరిశోధన. ఎంచుకున్న స్థలంలో వరుసలు వరుసలుగా పరీక్ష గుంతలు తీసి, బోర్లు వేసి, ప్రతి చోటా పైమట్టి ఎంత మందం ఉంది, దాని కింద పనికిరాని మన్ను ఎంత ఉంది, అసలు గ్రావెల్ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, నీరు ఏ లోతున తగులుతుంది అన్నవి నమోదు చేస్తారు. గ్రావెల్‌ను చేరడానికి పక్కకు తీయవలసిన పనికిరాని మన్నును పైకప్పు మట్టి అంటారు. పైకప్పు మట్టి మందానికీ గ్రావెల్ మందానికీ ఉన్న నిష్పత్తి గని లాభసాటి అవుతుందో కాదో చెప్పడమే కాక, చివరలో గొయ్యి అంచులను వాలుగా తీర్చడానికి ఎంత మన్ను చేతిలో ఉంటుందో కూడా ముందే చెబుతుంది. నమూనాలను ఆరబెట్టి, పెద్ద కన్నుల నుంచి చిన్న కన్నుల వరకు ఒకదాని కింద ఒకటి పేర్చిన జల్లెడలలో ఊపి, ఏ జల్లెడపై ఎంత నిలిచిందో తూచి చూస్తారు. ఆ తూకాన్ని బట్టి ఆ గ్రావెల్ కాంక్రీటుకు పనికొస్తుందా, రోడ్డు అడుగు పొరకా, మెరక చేయడానికి మాత్రమేనా అన్నది తేలుతుంది.

నీటి మట్టాన్ని ఒక్కసారి కొలిచి వదిలేయడం చాలదు. వేసవి చివర అడుగంటిన బావి వానాకాలం ముగిసేసరికి నేల దాకా నిండే ప్రాంతాల్లో, కనీసం ఒక పూర్తి సంవత్సరం పాటు పరిశీలన బావులలో మట్టం చూడకుండా తవ్వకం లోతును నిర్ణయిస్తే, మే నెలలో పొడిగా కనిపించిన గొయ్యి అక్టోబరుకు చెరువవుతుంది.

వాలు చెప్పే లెక్క

చివరి పటం ముందే లేకపోతే నిల్వ లెక్క ఎలా తప్పుతుందో ఒక ఊహా గనితో చూడవచ్చు. 5 హెక్టార్ల చతురస్రపు స్థలంలో 6 మీటర్ల లోతు వరకు తవ్వితే కాగితం మీద 3 లక్షల ఘనపు మీటర్ల పదార్థం వస్తుంది. పొరుగు నేల కూలకుండా నాలుగు వైపులా 7.5 మీటర్ల పట్టీని తవ్వకుండా వదిలితే తవ్వదగిన విస్తీర్ణం 4.35 హెక్టార్లకు తగ్గుతుంది. గోడలను నిలువుగా కాక 45 డిగ్రీల వాలుతో ఉంచితే దొరికేది సుమారు 2.46 లక్షల ఘనపు మీటర్లు. పశువు దిగి ఎక్కగలిగేలా, గడ్డి పట్టేలా, వానకు కోసుకుపోకుండా ఉండేలా ప్రతి ఒక మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడ్డంతో, అంటే దాదాపు 18 డిగ్రీల వాలుతో అంచులను వదలాలంటే అది సుమారు 2.19 లక్షలకు దిగుతుంది. కాగితపు లెక్కలో నాలుగో వంతుకు మించిన భాగం నేలను నిలబెట్టడానికే పోతుందన్నమాట.

రెండు వాలుల మధ్య తేడా 27 వేల ఘనపు మీటర్ల పైమాటే. పది ఘనపు మీటర్ల టిప్పర్లలో 2,700కు మించిన లోడ్లు. తవ్వకం 45 డిగ్రీల గోడలతో ముగిశాక అంతటి మన్నును బయటి నుంచి తెచ్చి అంచులకు పోయడం ఏ గుత్తేదారుకూ సాధ్యపడే పని కాదు. తొలి రోజునే ఆ వాలును పటంలో గీసుకుంటే కొంత గ్రావెల్‌ను తవ్వకుండా వదిలి, కొంత చోట పైకప్పు మట్టినే వెనక్కి నింపి, అదే ఫలితాన్ని దాదాపు అదనపు ఖర్చు లేకుండా సాధించవచ్చు.

పని సాగుతున్న గోడలకు కూడా హద్దులున్నాయి. 1961 నాటి మెటాలిఫెరస్ గనుల నియమావళి మొరం, గ్రావెల్, బంకమట్టి వంటి వదులు నేలల్లో గోడ వాలు 45 డిగ్రీలు మించకూడదనీ, మెట్లుగా తవ్వితే ఒక్కో మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదనీ, వెడల్పు ఎత్తుకన్నా తగ్గకూడదనీ నిర్దేశించింది. ఈ మెట్లను గనుల భాషలో బెంచీలంటారు. వదులు గ్రావెల్‌ను కట్టిపడేసే జిగురు ఏదీ ఉండదు. రేణువుకూ రేణువుకూ మధ్య రాపిడి మాత్రమే దాన్ని నిలబెడుతుంది. కొద్దిపాటి తేమ ఉన్నప్పుడు ఆ రాపిడికి నీటి తలతన్యత తోడై గోడ నిలువుగా నిలిచినట్టే కనిపిస్తుంది. ఎండకు ఆ తేమ ఆరిపోయినా, వానకు నీరు నిండిపోయినా ఆ పట్టు సడలి గోడ ఒక్కసారిగా జారుతుంది. అడుగు నుంచి తొలుచుకుంటూ పోయే అలవాటు కూలీల ప్రాణాలు తీయడానికి కారణం ఇదే.

పట్టీలుగా సాగే తవ్వకం

సవ్యమైన ప్రణాళికలో గని మొత్తం ఒకేసారి తెరుచుకోదు. స్థలాన్ని కొన్ని పట్టీలుగా విభజించి, మొదటి పట్టీలో తవ్వకం సాగుతుండగా రెండో పట్టీ నుంచి పైమట్టిని తీసి, తవ్వకం ముగిసిన పట్టీని వెనువెంటనే నింపి, వాలు తీర్చి, విత్తుకుంటూ ముందుకు సాగుతారు. దీనిని క్రమానుగత పునరుద్ధరణ అంటారు. ఏ సమయంలో చూసినా ఒక పట్టీ సిద్ధమవుతూ, ఒకటి తవ్వకంలో ఉంటూ, ఒకటి పచ్చబడుతూ కనిపించాలి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1990 నాటి తన గ్రావెల్, రాతి వనరుల చట్టంలో దీనిని తప్పనిసరి చేసింది. అక్కడ అనుమతి కోరేవారు ప్రస్తుత స్థితిని, తవ్వకం క్రమాన్ని, పునరుద్ధరణను చూపే పటాలను తవ్వకానికి ముందే సమర్పించాలి.

దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే దారులు, వర్షపు నీరు గోతిలోకి దూకకుండా అంచు పొడవునా తీసే మళ్లింపు కాలువలు, టిప్పర్లు ఊరి బడి ముందు నుంచి పోకుండా చూసే మార్గం కూడా ఈ పటంలోనే చేరతాయి. గ్రావెల్‌ను కడిగే చోట బురదనీటి సంగతి ప్రత్యేకం. నిశ్చలమైన నీటిలో 0.02 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువు ఒక మీటరు దిగడానికి సుమారు 45 నిమిషాలు పడితే, అందులో పదో వంతు పరిమాణం గల బంకమట్టి రేణువుకు మూడు రోజులకు పైగా పడుతుంది, ఎందుకంటే దిగే వేగం వ్యాసపు వర్గాన్ని అనుసరించి వంద రెట్లు తగ్గుతుంది. కాబట్టి ఒక్క గుంట తవ్వి బురదను వాగులోకి వదలడం కుదరదు. ఒకదాని తరువాత ఒకటిగా తేరుడు గుంటలు కట్టి, తేరిన నీటినే మళ్లీ కడగడానికి వాడాలి. అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రును పునరుద్ధరణ వేళ పైమట్టికి ఆధారంగా పరచవచ్చు.

పైమట్టి విలువ

గని స్థలంలో అన్నిటికన్నా విలువైన పొర గ్రావెల్ కాదు, దాని పైన జానెడు మందాన ఉన్న మట్టి. సహజంగా ఒక్క సెంటీమీటరు పైమట్టి ఏర్పడటానికి తరచుగా వంద ఏళ్లు, అంతకు మించి కూడా పడుతుంది. అందులో కుళ్లిన ఆకులు, వానపాములు, బాక్టీరియా, మొలకెత్తడానికి ఎదురుచూసే విత్తనాలు, మొక్కల వేళ్లను అల్లుకుని వాటికి భాస్వరాన్ని అందించే శిలీంధ్ర పోగులు కలిసి కాపురం చేస్తాయి. ఈ మట్టిని పైకప్పు మట్టితో కలిపి ఒకే కుప్పగా పోస్తే ఆ కాపురం ఆ రోజే చెదిరిపోతుంది. పైమట్టిని వేరుగా, దాని కింది మట్టిని వేరుగా తీయాలి, పరిచేటప్పుడు మళ్లీ అదే వరుసలో పరచాలి. తడిమట్టిని యంత్రంతో కదిలిస్తే గడ్డలుగా నలిగి గాలిగదులు మూసుకుపోతాయి కనుక, దుక్కికి పదును చూసే రైతులాగే గని నిర్వాహకుడూ మట్టి ఆరిన రోజును ఎంచుకోవాలి.

తీసిన మట్టిని ఎత్తుగా కుప్ప పోస్తే దాని బరువుకు అడుగుభాగం అణిగి గాలి ఆడదు. ఆక్సిజన్ లేని చోట వానపాములు, శిలీంధ్రాలు నశిస్తాయి, విత్తనాలు కుళ్లుతాయి. అందుకే కుప్ప రెండు మూడు మీటర్లు మించకుండా ఉంచి, దానిపై గడ్డి చల్లి, వీలైనంత త్వరగా వాడాలంటారు. పైన చెప్పిన ఊహా గనిలో 20 సెంటీమీటర్ల పైమట్టిని 4.35 హెక్టార్ల నుంచి ఒకేసారి తీస్తే 8,700 ఘనపు మీటర్లవుతుంది. దాన్ని రెండు మీటర్ల ఎత్తు దాటకుండా పోయడానికే దాదాపు అర హెక్టారు కావాలి. పట్టీల పద్ధతిలో ఈ చిక్కు దానంతట అదే విడిపోతుంది: మూడో పట్టీ నుంచి తీసిన మట్టి కుప్పగా నిలవకుండా నేరుగా మొదటి పట్టీ మీదికి పోతుంది, అందులోని జీవం బతికుండగానే కొత్త చోట కుదురుకుంటుంది.

పరిచిన మట్టి మీద టిప్పర్లు తిరిగితే చేసిన పనంతా వృథా. యంత్రం తాను నిలిచిన చోటు నుంచే చేయి చాచి మట్టిని ముందుకు పోసి, వెనక్కి జరుగుతూ పోవాలి. అడుగున గట్టిపడిన గని నేలను అంతకు ముందే లోతైన నాగళ్లతో పెళ్లగించాలి. ఆ తరువాత రెండు మూడేళ్లు వాణిజ్య పంటకు తొందరపడకుండా జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూతదశలో కలియదున్నితే, నత్రజని చేరడంతో పాటు వేళ్లు వెళ్లిన దారుల్లోనే గాలి, నీరు దిగుతాయి. ఇంగ్లండులో గని నేలలకు ఇలాంటి అనంతర సంరక్షణ సాధారణంగా ఐదేళ్ల పాటు సాగుతుంది.

నీటి మట్టం వంగినప్పుడు

గ్రావెల్ పొర రాళ్ల మధ్య ఖాళీలతో నిండి ఉండడం వల్ల నీటిని దాచుకుంటుంది, నడిపిస్తుంది, వడకడుతుంది. తవ్వకం నీటి మట్టం దిగువకు పోతే ఆ వడపోత పొర పోయి, భూగర్భజలం ఆకాశానికి నేరుగా తెరుచుకుంటుంది. అంతకన్నా తక్కువ మందికి తెలిసిన మార్పు మరొకటి ఉంది. నేల లోపల నీటి మట్టం సాధారణంగా ఏదో ఒక వైపుకు వాలుగా ఉంటుంది, చెరువు నీటి పైభాగం మాత్రం సమతలంగా ఉంటుంది. 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలిన భూగర్భజలంలో, ప్రవాహ దిశలో 400 మీటర్ల పొడవైన గొయ్యి తవ్వితే, రెండు కొసల మధ్య ఉండిన రెండు మీటర్ల తేడా చెరిగిపోయి, ఎగువ కొసన మట్టం దాదాపు ఒక మీటరు దిగుతుంది, దిగువ కొసన దాదాపు ఒక మీటరు లేస్తుంది. ఎగువన బావులు ఎండడానికి, దిగువన చేలు ఊటెత్తడానికి కారణం అదే. గోతిని ప్రవాహానికి అడ్డంగా అమర్చడం ద్వారా, లేదా మధ్యలో కట్టలు వదిలి చిన్న చిన్న గదులుగా విడగొట్టడం ద్వారా ఈ వంపును చాలావరకు తగ్గించవచ్చు. దీనికి కావలసిన నిర్ణయం కూడా తవ్వకానికి ముందే జరగాలి.

నీడింగ్‌వర్త్ నేర్పిన పాఠం

నీటి గోతులు మేలైన ప్రకృతి నెలవులు కాగలవని ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ సమీపాన ఉన్న అటెన్‌బరో చాలా కాలం క్రితమే చూపింది. అక్కడ 1929లో గ్రావెల్ తవ్వకం మొదలైంది. నీరు నిండిన గోతుల్లో పక్షులు చేరడంతో 1966లో దాన్ని సంరక్షణ కేంద్రంగా మార్చగా, ప్రకృతి చిత్రాలకు పేరుపొందిన డేవిడ్ అటెన్‌బరో ప్రారంభించారు. అక్కడ ప్రకృతి తానుగా వచ్చి చేరింది. కేంబ్రిడ్జ్‌షైర్‌లో గ్రేట్ ఊజ్ నది పక్కనున్న నీడింగ్‌వర్త్ క్వారీలో మాత్రం దాని రాకకు ముందే ఏర్పాటు జరిగింది.

ఆ ప్రాంతం ఒకప్పుడు విశాలమైన చిత్తడి నేల. 17వ శతాబ్దం నుంచి కాలువలు తవ్వి, నీటిని తోడి, పొలాలుగా మార్చారు. కిక్కిస పొదలు పోవడంతో వాటిలోనే గూడు కట్టే, కొంగ కుటుంబానికి చెందిన బిట్టర్న్ పక్షి క్షీణిస్తూ వచ్చి, 1997 నాటికి బ్రిటన్ మొత్తం మీద జత కోసం గుమ్మని కూసే మగ పక్షులు 11 మాత్రమే మిగిలాయి. నీడింగ్‌వర్త్‌లో దాదాపు ముప్పై ఏళ్లలో 2.8 కోట్ల టన్నుల ఇసుక, గ్రావెల్ తీయాలని తలపెట్టిన హాన్సన్ కంపెనీ, పక్షుల సంరక్షణకు పనిచేసే రాయల్ సొసైటీతో చేయి కలిపి, తవ్విన నేలను దఫదఫాలుగా సుమారు 700 హెక్టార్ల చిత్తడి నేలగా తీర్చే ప్రణాళిక వేసింది. అందులో 460 హెక్టార్లు కిక్కిస పొదలు. పూర్తయితే బ్రిటన్‌లో అదే అతి పెద్ద కిక్కిస వనం.

కిక్కిసకు కావలసింది లోతైన చెరువు కాదు, మోకాటి లోపు నీరు. అందుకే తవ్విన విస్తీర్ణాన్ని మట్టి కట్టలతో గదులుగా విడదీసి, ఒక్కో గదిలో నీటి మట్టాన్ని తూముల ద్వారా పెంచడానికీ తగ్గించడానికీ వీలు కల్పించారు. స్వచ్ఛంద కార్యకర్తలు నారు నాటినట్టు కిక్కిస మొక్కలు నాటారు. కొల్లేరు అంచుల్లో ఏపుగా పెరిగే కిక్కిసను చూసిన తెలుగువారికి ఈ దృశ్యాన్ని ఊహించడం కష్టం కాదు. ఒక వైపు యంత్రాలు ఇంకా తవ్వుతూ ఉండగానే మరో వైపు తీర్చిన గదుల్లో బిట్టర్న్‌లు గూళ్లు కట్టాయి.

తెలుగు నేలకు తగిన పటం

భారతదేశంలో గ్రావెల్ చిన్న తరహా ఖనిజం. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలోని 15వ సెక్షన్ దాని నియమాలను రూపొందించే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. 1952 నాటి గనుల చట్టం 6 మీటర్ల లోతు మించని, ఒక్క రోజున 50 మందికి మించి పని చేయని, పేలుడు పదార్థాలు వాడని గ్రావెల్, మొరం తవ్వకాలను తన నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయించింది. చిన్న పనులకు వెసులుబాటుగా ఉద్దేశించిన ఈ మినహాయింపు నీడలోనే లెక్కలేనన్ని గోతులు పర్యవేక్షణకు దూరంగా ఉండిపోయాయి. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. 2020 జనవరి 8న కామన్ కాజ్ కేసులో, తవ్వకం ముగిశాక లీజుదారే ఆ నేలపై తిరిగి గడ్డి పెంచి, పశుగ్రాసానికీ మొక్కలకూ జీవులకూ అనువైన స్థితికి తేవాలనే షరతును అనుమతుల్లో చేర్చాలని ఆదేశించింది.

ఈ షరతు నెరవేరడానికి తెలుగు నేలలో సాధనాలకు కొదవ లేదు. మొరం నేలలపై పైమట్టి సహజంగానే పలుచన కాబట్టి, ఉన్నదాన్ని కాపాడుకుంటూనే చెరువు పూడికను దానికి జతచేయవచ్చు. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో ఒండ్రును పొలాలకు తోలుకున్న అనుభవం ఆ పనికి బాటగా నిలుస్తుంది. నీళ్లు నిలవని గుట్ట అంచుల్లో సీతాఫలం, వేప, కానుగ నాటవచ్చు, ఎర్రనేలల్లో జీడిమామిడి తోట వేయవచ్చు. గోతిని వానలు నింపే చోట వాలు అంచులతో, పశువులు దిగే రేవుతో, మిగులు నీరు పోయే అలుగుతో దాన్ని ఊరి కుంటగా తీర్చి గొలుసుకట్టు చెరువులతో కలపవచ్చు. అయితే ఆ చెరువుల్లోకి నీరు తెచ్చే వాగు దారిలోనే మొరం తవ్వితే వాననీరు గోతిలోనే చిక్కుకుని కింది చెరువు ఎండిపోతుంది. కనుక లీజు ఇచ్చే ముందే పరీవాహక పటాన్ని చూడడం అవసరం.

పునరుద్ధరణకు ఇన్ని దారులున్నా, నిలువు గోడల మధ్య వాననీరు నిండిన అనాథ గుంతలు ఊళ్ల పక్కన మిగిలే ఉన్నాయి. అడుగు పెట్టగానే లోతులోకి జారిపోయే ఆ అంచుల దగ్గర ఈతకు దిగిన పిల్లలు, నీటికి వచ్చిన గొడ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నాయి. పద్దెనిమిది డిగ్రీల వాలు ఉన్న అంచున జారిన పిల్లవాడు కాళ్లు మోపి తిరిగి లేవగలడు, నిలువు గోడ అంచున లేవలేడు. ఆ వాలుకు అయ్యే ఖర్చు పనికి ముందైతే పటం మీద ఒక గీత, పని ముగిశాక వేల లోడ్ల మన్ను. కాబట్టి లీజు కాగితం మీద సంతకం పడే రోజున గ్రామసభ ముందు పరచవలసిన మొదటి పటం ఆ చివరి వాలుదే. అందులో రేవు ఎక్కడో, అలుగు ఎక్కడో, పైమట్టి కుప్ప ఎక్కడో వేలు పెట్టి చూపగలిగిన తరువాతే పొక్లెయిన్ దిగాలి.